ఆ బోర్డు మీద ఆయన పేరు వద్దు

నా చేతిరాత బాగోదు. ఒత్తులూ దీర్ఘాలూ తప్పుతాయి. ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు దిద్ది వేసుకోవాలి, చదివేవాళ్ళు మన్నించాలి. మా వియ్యంకుడుగారు, అంటే మా కోడలి తండ్రి, మొన్న గురువారం పొద్దున ఆస్పత్రిలో పోయారు.

మీలో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. సిటీ నీళ్ళ డిపార్ట్‌మెంట్‌లో చేసి రిటైరయ్యారు. బేస్‌బాల్ అంటే పడి చచ్చేవారు. ఇప్పుడు పిల్లలు ఆయన పేరు స్టేడియంలో పెద్ద బోర్డు మీద వేయిస్తామంటున్నారు. డబ్బు కడితే ఆట మధ్యలో అరనిమిషం వేస్తారట. ఆ డబ్బు ఎవరికి పోతుంది? టీమ్ ఓనరుకే. తండ్రి పోయి ఏడుస్తున్న కోడలికి మామగారిని నేనెలా చెప్పను, వద్దని? నోరు రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఆ ఓనరు పేరు ఆయన ఎప్పుడూ పలకలేదు. "ఎంగిలి చేత్తో కాకిని తోలనివాడు" అనేవారు, అంతే. నిజమే. బాగా ఆడే కుర్రాడు తయారైతే చాలు, జీతం పెంచాల్సొస్తుందని వేరే ఊరి టీమ్‌కి అమ్మేసేవాడు. టికెట్టు రేటు మాత్రం ఏటా పెంచేవాడు. "పాడిగేదెని అమ్ముకుని, పలుపుతాడు చూడ్డానికి మనల్ని రమ్మంటాడు బావగారూ" అనేవారు.

నేను మొదట్లో ఓనరు పక్షమే. బంతి విసిరేవాడికి అన్ని కోట్లెందుకండీ అన్నాను ఒకసారి, భోజనాల దగ్గర. ఆయన కలుపుతున్న చెయ్యి ఆగిపోయింది.

"మన డబ్బు ఎలాగూ పోయింది బావగారూ. విసిరినవాడికి పోవాలా, ఊరికే కూర్చున్నవాడికి పోవాలా? మీరే చెప్పండి."

నేను చారు పోసుకున్నాను.

మరుసటేడు ఆ బంతి విసిరే పిల్లాడే జీతం పెంచమన్నాడు. ఓనరు మనుషులు పంచాయితీ పెట్టి, అతని ఎదురుగానే అతని తప్పులన్నీ ఏకరువు పెట్టారట. ఆయన పేపరు చదివి వినిపించారు. నాకు ఒళ్ళు మండింది. నేను పనిచేసిన రైసుమిల్లు ఆసామీ అంతే. కూలి పెంచమంటే, ఎప్పుడో బస్తా చింపిన సంగతి నలుగురిలో తీసేవాడు. ఆ రోజుతో నేను ఆయన పక్షానికి వచ్చేశాను.

చివరికి ఆ పిల్లాణ్ణీ పంపేశారు. జనం తలలకి కాగితం సంచులు తొడుక్కుని గేటు ముందు నిలబడ్డారు. ఇలాంటి టీమ్‌ని చూడ్డానికి వచ్చామని చెప్పుకోడానికి సిగ్గేస్తోందని దానర్థం. వియ్యంకుడుగారికి కాగితం సంచి కంటికి ఆనలేదు. ఇండియన్ స్టోర్ బియ్యం సంచులు రెండు తెచ్చి, కళ్ళ దగ్గర కన్నాలు కోశారు. నేను రానన్నాను.

"మొహం కనపడదు కదా. ఇప్పుడైనా నోరు తెరవండి బావగారూ" అన్నారు.

సంచిలో తవుడు వాసన. ఒకటే తుమ్ములు. చుట్టూ అందరూ టీమ్ అమ్మెయ్యమని ఇంగ్లీషులో అరుస్తున్నారు. నేను తెలుగులో అరిచాను. "అమ్మేసి పోరా ముష్టి వెధవా" అన్నాను. నా జన్మలో అంత గట్టిగా ఎవర్నీ ఏమీ అనలేదు. అన్నందుకు ఇప్పటికీ బాధ లేదు. పక్క సంచి నవ్వుకి ఊగిపోయింది.

ఆ రోజే ఆయన ఒట్టు పెట్టుకున్నారు. టికెట్టు కొనను, టోపీ కొనను, వాడి పార్కింగ్‌లో కారు కూడా పెట్టను అని. అన్నమాట తప్పలేదు. పోయిన సెప్టెంబరులో డాక్టర్లు ఇక మందులు వద్దన్నాక, మా అబ్బాయి మంచి సీట్లు బుక్ చేసి, చివరిసారిగా చూద్దురుగాని మామయ్యా అంటూ ఫోనులో టికెట్లు చూపించాడు. ఆయన చూసి ఫోను తిరిగిచ్చేశారు. కోప్పడలేదు.

"నీ ప్రేమ చాలు నాయనా. నా చావు మీద కూడా వాడు లాభం తీయకూడదు."

ఆ ఆదివారం మా అబ్బాయి మమ్మల్నిద్దర్నీ స్టేడియం వెనక రోడ్డవతల, మూసేసిన టైర్ల షాపు ముందు దింపాడు. మడతకుర్చీలు వేసుకున్నాం. ఆయన ఒళ్ళో చిన్న రేడియో. గోడవతల జనం కేక ముందొచ్చేది. రేడియోవాడు అదేమిటో చెప్పేసరికి కాస్త ఆలస్యమయ్యేది. ఆ సందులో ఆయన నన్ను మాట్లాడొద్దని వేలెత్తి, కేకని బట్టి తనే చెప్పేసేవారు, రెండు పరుగులనో, క్యాచ్ పట్టేశారనో. ఒక్కటీ తప్పు కాలేదు.

పొద్దు వాలేవేళ ఇంకో పెద్ద కేక లేచింది. ఆయన కళ్ళు మూసుకున్నారు, వేలు అలాగే గాలిలో ఉంది. మొహమంతా వెలుగు. రేడియో ఇంకా ఏమీ చెప్పలేదు.

వాడికి ఒక్క సెంటు ముట్టకుండా ఆయన చూసిన ఆట అది. పిల్లలు శనివారం బోర్డుకి డబ్బు కడతారట. ఆయన్ని ఎరిగినవాళ్ళెవరైనా ఉంటే ఆలోపే మా కోడలికి ఒక్క ముక్క రాయండి. ఆలస్యం చెయ్యకండి.