వదిన నడిపితేనే ఆగే బండి

ఆ వీధిలో అందరూ అతన్ని కోతల మేస్త్రి అంటారు. ఆ పేరంటే అతనికి కోపం లేదు. తన స్థాయికి పేరు కాస్త చిన్నదైపోయిందని మాత్రం అప్పుడప్పుడూ నొచ్చుకుంటాడు. చదువెందుకు మానేశావని ఎవరైనా అడిగితే, మోగనని మొరాయించిన బడిగంటను తాను బాగుచేశాననీ, ఆనాటి నుంచి అది తనంతట తానే ఇంటిబెల్లు కొట్టడం మొదలెట్టిందనీ, మాస్టార్లంతా కలిసి దండం పెట్టి పంపేశారనీ చెబుతాడు. ఒకసారి ఎక్కడో ఆగిపోయిన లారీ హారన్ ఫోనులో వినిపించుకుని, ఇక్కణ్ణుంచే దాన్ని నాలుగు తిట్లు తిట్టి స్టార్ట్ చేశాడట. ఆ లారీ సిగ్గుతో ఇల్లు చేరేదాకా తలెత్తలేదట. లారీకి తలెక్కడుందని అడిగినవాడికి అతని బండ్ల రిపేరు షెడ్డులో టీ దొరకదు.

మాటలు ఎంత పొడుగైనా, మనిషి చేతిలో మాత్రం పనుంది. పానా పట్టాడంటే బోల్టు తనంతట తానే తిరిగినట్టు ఉంటుంది. అందుకే అతని కోతలు భరిస్తూ కూడా జనం బండ్లు అక్కడికే తోలుకొస్తారు.

ఆ షెడ్డులోనే వదిన డ్రైవింగ్ నేర్చుకుంది. మరిదికి అన్నం క్యారియర్ ఇవ్వడానికొచ్చి, అడ్డంగా ఉన్న బండ్లను పక్కకు తియ్యడంతో మొదలెట్టి, ఏడాది తిరిగేసరికి గోడకూ గోడకూ మధ్య వ్యానును సూదిలో దారం ఎక్కించినట్టు ఎక్కించేసేది. ఇప్పుడామె సొంత వ్యానులో కిడ్నీ రోగుల్ని ఇళ్ళ నుంచి డయాలసిస్‌కు తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళకు చేరుస్తుంది. సీట్ల మీద ఉతికిన గుడ్డలు, కిటికీ అద్దాల్లో మొహం కనిపించేంత మెరుపు. రోజూ ఎక్కే లెక్కల మాస్టారు ఒకాయన, ఆసుపత్రి మంచం కంటే ఈ సీటే శుభ్రంగా ఉంది, సూది ఇక్కడే గుచ్చెయ్యమని నర్సుతో వేళాకోళమాడతాడు.

అలాంటి వ్యాను నడిరోడ్డు మీద ఆగిపోవడం మొదలెట్టింది. దగ్గదు, తుమ్మదు, దీపం ఆర్పినట్టు ఇంజను ఆగిపోతుంది. కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్టవుతుంది. మేస్త్రి ముందు ఫిల్టరు మార్చాడు. మళ్ళీ ఆగింది. రిలే మార్చాడు. మళ్ళీ ఆగింది. చివరికి ట్యాంకు దించి పెట్రోలు పంపునే కొత్తది వేశాడు. వేసిన ప్రతిసారీ తానే ఎక్కి ఊరంతా తిప్పాడు; బండి గుర్రంలా పరిగెత్తింది. అక్కడ ఊరుకుంటే అతను కోతల మేస్త్రి ఎందుకవుతాడు? తాను ఎక్కితే ఇంజను చేతులు కట్టుకుని నిలబడుతుందనీ, వదిన ఎక్కితే మాత్రం చనువు తీసుకుంటోందనీ టీకొట్టు దగ్గర కూర్చుని రెండు వీధులకు వినబడేలా చెప్పాడు.

ఆ మాట టీకొట్టు దగ్గర నవ్వుగా మొదలై, ఆసుపత్రి ఆఫీసు దాకా వెళ్ళేసరికి ఫిర్యాదైపోయింది. డ్రైవర్ని మారుస్తారా, బండినే మార్చమంటారా అని అక్కడి మేనేజరు అడిగాడట.

మేస్త్రి అన్నయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. ఊరందరి చూపు సరిచేసే మనిషి, ఆ సాయంత్రం షెడ్డుకొచ్చి పాత టైరు మీద కూర్చున్నాడు.

"మంచి డ్రైవర్ని చూసిపెట్టరా. నెల మారేలోపు కావాలి."

"వదిన ఉందిగా."

"నువ్వేగా ఊరంతా చాటావు, నువ్వు నడిపితే ఆగదు, తను నడిపితేనే ఆగుతుందని. ఇంక లోపం బండిలో ఎక్కడుంది?"

మేస్త్రి ఒక్క కోతైనా కొయ్యకుండా అన్నయ్యను గుమ్మం దాకా సాగనంపాడు. అతన్ని ఎరిగినవాళ్ళు ఈ సంగతి నమ్మరు. అన్నయ్య వెళ్ళాక పానా తీసి పెట్టాడు, పెట్టి తీశాడు. తన నోటితో తానే వదిన చేతిలోంచి స్టీరింగు లాగేశాడు. లాగినవాడే తిరిగి ఇవ్వాలి. లోపం కనిపెట్టగలనా అన్న అనుమానం అతనికి రాలేదు. అనుమానాలు అతని షెడ్డు గుమ్మం ఎక్కవు. ఎక్కడ వెతకాలన్నదే తెలియలేదు.

మర్నాడు పొద్దున్నే వదిన ఇంటి ముందుకెళ్ళి, ఈ రోజు పక్కన కూర్చుని వస్తానన్నాడు. ఆమె చీర కుచ్చిళ్ళు ఎగదోపి, పైపుతో వ్యాను కడుగుతోంది. మరిదిని ఎగాదిగా చూసింది.

"కూర్చో. నువ్వుంటే ఇంజను చేతులు కట్టుకుంటుందిగా, ఆ వైభోగం నేనూ చూస్తాను."

అతను తల గోక్కున్నాడు. వదిన పైపు పట్టుకుని చక్రాలయ్యాక వెనక్కి వెళ్ళింది, వంగి బండి కింద వేలాడే స్టెప్నీ చక్రం పైకంటా నీళ్ళు కొట్టింది. రోజూ ఇంతేనా అని అడిగాడు. రోగం ఉన్నవాళ్ళు ఎక్కే బండికి కింద బురద ఉండకూడదని, రోజూ ఇంతేనని ఆమె చెప్పింది. మేస్త్రి స్కూటరు కడగడానికి వానాకాలం దాకా ఆగే మనిషి. అతని దగ్గరికి ఆ వ్యాను వచ్చేది ఎప్పుడూ సాయంత్రాలే, ఎండకు ఎండి ఒళ్ళు గలగలమంటూ.

మొదటి రోగి ఇంటికి ఇంకా చేరనే లేదు. వంతెన ఎక్కుతుండగా ఇంజను ఆగిపోయింది. వదిన బండిని వాలులో మెల్లగా పక్కకు జార్చి బ్రేకు వేసింది. మొహంలో కంగారు లేదు. పెదవి మాత్రం బిగిసింది.

"చూశావుగా. నా చేతిలో ఏం దోషముందో చెప్పు."

అతను తాళం తిప్పమని సైగచేసి, వెనక్కి వెళ్ళి ట్యాంకుకు చెవి ఆనించాడు. తాళం తిప్పగానే పంపు దోమలా ఓ క్షణం రొద పెట్టాలి. రొద లేదు. కొత్త పంపు, మంచి పంపు. కానీ దానికి కరెంటు అందడం లేదు. పంపుకి ఎప్పుడు ఎంత కరెంటు ఇవ్వాలో చూసే డబ్బా ఒకటి ఉంటుంది. కొట్లో దాన్ని మాడ్యూల్ అంటారు, మేస్త్రి పంపుగారి పెత్తందారు అంటాడు. ఈ బండిలో ఆ పెత్తందారు కాపురం స్టెప్నీ పైన, చాసిస్‌కు అంటే బండి అడుగు ఇనుప చట్రానికి అతుక్కుని. మేస్త్రి చొక్కా గురించి ఆలోచించకుండా కిందకు దూరాడు. డబ్బా అంచుల నుంచి నీళ్ళు బొట్లు బొట్లుగా కారుతున్నాయి. ఇనుముకు ఆనుకున్న వైపు తుప్పు ఉబ్బి, డబ్బా వీపు పగిలిన మడమలా నెర్రెలిచ్చింది. నెర్రెల్లోంచి నీళ్ళు దిగితేనే అది కరెంటు ఆపేది; పొడిగా ఉన్న షెడ్డులో ఎన్నిసార్లు పరీక్షించినా అది బుద్ధిమంతుడిలానే నటించింది మరి.

సాకెట్ ఊడదీసి, వదిన భుజం మీది గుడ్డతో తుడిచి, బుగ్గలు పొంగేలా ఊది బిగించాడు. దోమ రొద వినిపించింది. ఇంజను అందుకుంది.

"దొరికాడు వదినా దొంగ. ఈ పూటకి వీడితోనే గడిపెయ్యి, సాయంత్రం వీడి పని పడతా. ఇంకో మాట. టీకొట్టు దగ్గర నేనన్నది తప్పు."

"తప్పన్నది కూడా ఆ టీకొట్టు దగ్గరే చెప్పు," అంది వదిన, గేరు వేస్తూ.

సాయంత్రం అన్నయ్యను షెడ్డుకు పిలిపించాడు. అతని కళ్ళ ముందే బ్యాటరీ వైరు విప్పి, స్టెప్నీ దించి, తుప్పుపట్టిన బోల్టులకు నూనె పట్టించి బతిమాలి తీశాడు. పాత డబ్బాను అన్నయ్య అరచేతిలో పెట్టాడు. అన్నయ్య అలవాటు కొద్దీ కళ్ళజోడు నుదుటి మీదకు నెట్టి, జేబులోంచి భూతద్దం తీసి చూశాడు. పగుళ్ళు, లోపల పచ్చగా పాచి పట్టినట్టున్న పిన్నులు. చాలాసేపు చూశాడు. కొత్త డబ్బాను మేస్త్రి మునుపటిలా ఇనుముకు అంటించలేదు. మధ్యలో వాషర్లు పెట్టి, గాలి ఆడి నీళ్ళు జారిపోయేలా కాస్త ఎడంగా బిగించాడు. సాకెట్‌కు గ్రీజు రాశాడు.

"అయితే ఇంక కడగడం మానెయ్యమంటావా?" అంది వదిన.

"మానడమేంటి? ఇప్పుడే కడుగు. అన్నయ్య చూడాలి."

వదిన పైపు అందుకుంది. మొత్తం వీధి దాహం తీరేంత నీరు స్టెప్నీ పైకి కొట్టింది. ఆ నీటికి షెడ్డులోని కప్పలు సొంతూరు గుర్తొచ్చి ఏడ్చాయని మేస్త్రి ఇప్పటికీ చెబుతాడు. తరవాత ఆమె చేతులు తుడుచుకుని స్టీరింగు ముందు కూర్చుంది. మేస్త్రి తాను ఎక్కలేదు. అన్నయ్యకు తలుపు తీసి పట్టుకున్నాడు.

"మంచి డ్రైవర్ని చూడమన్నావుగా అన్నయ్యా. చూశాను. ఎక్కు."

అన్నయ్య భార్య వైపు ఓసారి, చేతిలోని డబ్బా వైపు ఓసారి చూసి, ఎక్కి కూర్చున్నాడు. గొంతు సవరించుకుని మెల్లగా అడిగాడు.

"ఆగదు కదా?"

"ఆగుతుందండీ. ఎర్రలైటు దగ్గర," అంది వదిన.

వంతెన ఎక్కి, దిగి, ఆసుపత్రి చుట్టూ తిరిగి, నీళ్ళోడుతూనే వ్యాను వెనక్కి వచ్చింది. అన్నయ్య దిగి, ఇక డ్రైవర్ని వెతకొద్దని తమ్ముడితో చెప్పాడు. మేనేజరుతో తానే మాట్లాడతానన్నాడు. పాత డబ్బాను చూపించడానికి జేబులో వేసుకుని మరీ వెళ్ళాడు.

మేస్త్రి తిన్నగా టీకొట్టుకు నడిచాడు. ఆ వ్యాను మామూలు వ్యాను కాదనీ, వదిన తప్ప ఇంకెవరు ఎక్కినా కదలదనీ, తాను కూడా పొద్దున్న ఎక్కి చూస్తే తలుపు తీసి దింపేసిందనీ రెండు వీధులకు వినబడేలా చెప్పాడు.