మన్ను దులిపి వచ్చిన అత్త

తిరువళ్ళూరు నుంచి మా ఆఫీసు వాళ్ళతో కలిసి గూడలూరు టూరుకు వచ్చాం. మా అత్తను కూడా తీసుకొచ్చాను. ఆమెది తామరైపాక్కం. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి వరి, వేరుశనగ తప్ప ఇంకో సాగు ఎరగదు.

ఈ రోజు టీ తోట, దాని పక్కనే ఉన్న మిరియాల తోట చూడ్డానికి వెళ్ళాం. గేటు దగ్గరే ఆమె చెప్పులు విప్పేసింది. జలగలుంటాయి, వేసుకోండమ్మా అని గైడు తమిళంలో మొత్తుకున్నాడు.

ఆమె నావైపు తిరిగి, "పంట నేలలోకి చెప్పులతో యాడన్నా పోతారా? ఆయన్ను కూడా బూట్లు ఇప్పమను" అంది.

ఆఫీసు వాళ్ళ ముందు నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె మాత్రం రెండు గంటలు ఉత్త కాళ్ళతోనే తిరిగింది. జలగ పట్టింది బూట్లు వేసుకున్న నన్ను!

బయటికి వచ్చేటప్పుడు అరికాళ్ళకు అంటిన మన్ను గేటు లోపలే దులిపి, "ఎవురి మన్ను వాళ్ళకే ఉండల్ల" అంది. గైడు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. అప్పుడు నాకూ కాస్త గర్వంగానే అనిపించింది.

సాయంత్రం లాడ్జికి వచ్చాక ఆమె కొంగు ముడి విప్పింది. లోపల తడిగుడ్డలో చుట్టిన మిరియాల తీగ ముక్క.

"ఇదేంది అత్తా! వాళ్ళను అడిగినావా?"

"అడిగి తెచ్చిన కొమ్మ బతకదమ్మే."

మన్ను తిరిగి ఇచ్చేసిన మనిషి మొక్కను ఎత్తుకొచ్చింది! సరే, తామరైపాక్కం ఎండకు మిరియాల తీగ బతుకుతుందా? పెంచిన అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి. కాపుకొస్తే అందరూ చూడ్డానికి రండి. చెప్పులు మాత్రం గట్టు మీదే.