దేవుడు చెప్పాడన్న పిల్ల

ఇరవై ఏళ్లకు పైగా ఒక మాట గొంతులో పెట్టుకుని తిరుగుతున్నాను. మింగలేదు, కక్కలేదు. దానితోనే వంట చేశాను, దానితోనే కీర్తనలు పాడాను, దానితోనే ప్రతి ఆదివారం చిన్నపిల్లల్ని ముందు కూర్చోబెట్టుకుని అబద్ధం ఆడకూడదని పాఠాలు చెప్పాను. మా చర్చిలో నేను సండే స్కూల్ టీచర్‌ని. మీరు నవ్వుకున్నా ఫర్వాలేదు. నవ్వవలసిన సంగతే.

నా పేరు రాయను. మాది అనకాపల్లి, అంతవరకు చాలు. మీరెవరో తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్లకి చెప్పే ధైర్యం ఉంటే ఈ కాగితాలతో నాకేం పని?

పోయిన నెల మా చర్చి ఆడవాళ్లం కలుసుకునే స్త్రీల కూడికలో ఒక విషయం మాట్లాడమన్నారు. నలుగురూ కలిసి సరదాగా గడిపేచోట, పిల్లల్ని పక్కన పెట్టుకుని తల్లిదండ్రులు తాగవచ్చా అని. ఈమధ్య పుట్టినరోజులకి కూడా మేడ మీద సీసాలు పెడుతున్నారట. అందరూ నా వైపే తిరిగారు. "అక్కా, మీరే సెప్పాల. మీ ఇంట్లో జరిగిన కార్యం సెప్పండి" అన్నారు. ఆ కార్యం సంఘంలో అందరూ ఎరిగినదే. ఏడేళ్ల పిల్లతో దేవుడు మాట్లాడాడు, ఆ పిల్ల తండ్రి చేత తాగుడు మాన్పించింది. గొంతు బాగోలేదని చెప్పి కూర్చుండిపోయాను. ఆ హాల్లో నేను అంతకన్నా నిజమైన మాట ఎప్పుడూ చెప్పలేదు.

అసలు జరిగింది ఇది.

రెండు వేల మూడో, నాలుగో. మా ఆయనకి మోటారు వైండింగ్ షాపు ఉండేది. రైతుల బోరు మోటార్లు కాలిపోతే బాగుచేసేవారు. వారమంతా రాగితీగలతో కుస్తీ. ఆదివారం ఆరాధన అయ్యాక స్నేహితుడి జీడితోటకి పోయేవారు. నాలుగైదు కుటుంబాలు చేరేవి. ఆడవాళ్లు కోడికూర వండేవారు, పిల్లలు చెట్లెక్కేవారు, మగవాళ్లు చాప పరుచుకుని బావా అంటే మామా అనుకుంటూ తాగేవారు. నేను వెళ్లేదాన్ని కాదు. సంఘ పెద్ద కూతుర్ని. సీసాల మధ్య కూర్చుంటే మా నాన్న తల ఎక్కడ పెట్టుకుంటారు?

నేను వెళ్లకపోయినా పిల్లని పంపేదాన్ని. ఒక్కతే కూతురు, చిట్టి అని పిలిచేవాళ్లం. పిల్ల పక్కన ఉంటే మొగుడు హద్దు దాటడని మా అమ్మ చెప్పిన ఉపాయం. మా చుట్టుపక్కల చాలామంది ఆడవాళ్లు చేసే పనే, మొగుడి వెంట పిల్లని కాపలా పంపడం. ఆయనేమైనా ఆగేవారా? చిట్టిని ఒళ్లో కూర్చోబెట్టుకుని మరీ తాగేవారు. ఒక చేత్తో గ్లాసు, రెండో చేత్తో పిల్ల నోట్లో వేరుశెనగపప్పులు.

మీకు నిజం చెప్పాలని కూర్చున్నాను కదా, ఇది కూడా చెప్పాలి. ఆయన తూలేవారు కాదు, ఎవర్నీ తిట్టేవారు కాదు. పాడేవారు. చిట్టిని భుజాల మీద ఎక్కించుకుని తోటంతా పరిగెత్తేవారు. అయితే సాయంత్రం ఆ తాగిన చేతులతోనే, పిల్లని ముందు నిలబెట్టుకుని, స్కూటర్ మీద ఇంటికి వచ్చేవారు. ఒకసారి ఇసుకలో బండి జారి పిల్ల మోకాలు చెక్కుకుపోయింది. కనుక నా భయం ఒట్టిది కాదు. పిల్లల్ని పెట్టుకుని తాగకూడదని అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

కానీ భయం ఒక్కటేనా? చిట్టి ఇంటికి వచ్చేసరికి ఒళ్లంతా కట్టెల పొగ వాసన, ముఖం నిండా నవ్వు. నా దగ్గర ఉన్నప్పుడు ఆ నవ్వు ఉండేది కాదు. నేను కూర్చో అంటే కూర్చునేది, చదువు అంటే చదివేది. ఆదివారం మధ్యాహ్నమంతా నేను తలుపులు వేసుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని, ఒక్కదాన్నే ఇంట్లో కూర్చునేదాన్ని. నా మొగుడూ నా కూతురూ నేను లేనిచోట సంతోషంగా ఉన్నారని నాకు తెలుసు. నాకది కడుపుమంట. దాన్నే పిల్ల క్షేమం అని పిలుచుకున్నాను. ఈ సంగతి నాకు నేను ఒప్పుకోవడానికే చాలా ఏళ్లు పట్టింది.

ఆ ఆదివారం చిట్టికి జడ వేస్తున్నాను. ఆయన బయట స్కూటర్ తుడుస్తున్నారు.

"సీసా ఎక్కడెడతారే?" అని మెల్లగా అడిగాను.

"సాప పక్కనే. నీళ్ల బిందె కాడ."

"ఎవురూ సూడకుండా తీసి పారబోసెయ్."

జడ నా చేతిలో ఉండగానే పిల్ల వెనక్కి తిరిగింది. "నాన్న కొట్టెత్తాడేమో అమ్మా."

"నిన్నెప్పుడైనా కొట్టేడేటి? కొట్టడు."

"అడిగితే నువ్వు సెప్పేవని సెప్పనా?"

"నా పేరు ఎత్తకు. ఎత్తేవంటే నాన్న నాతో మాటాడడు. మనిల్లు పాడైపోద్ది. సెప్పనని ఒట్టెయ్యి."

ఒట్టు పెట్టుకోవడం తప్పని క్లాసులో చెప్పేదాన్ని నేనే. పిల్ల నా చేతిలో చెయ్యి వేసింది. రిబ్బను ముడి వేసి పంపించాను.

తోటలో జరిగింది ఆ తోట యజమాని భార్య తరవాత చెప్పింది. ఆరోజు మామూలు సీసా కాదట. వాళ్లలో ఒకరి బావమరిది విశాఖపట్నం నుంచి తెచ్చిన మిలట్రీ కేంటీన్ సీసా. మూత తీశారు, ఇంకా గ్లాసుల్లో పోసుకోలేదు. కూర గిన్నె దించడానికి అందరూ అటు తిరిగినప్పుడు చిట్టి సీసా పట్టుకుని చెట్టు వెనక్కి వెళ్లి మొత్తం నేల మీద ఒంపేసింది. చూసి ముందు నవ్వారట. తరవాత ఒకతను ఆయనతో, "ఏటి బావా, మా సెల్లి పెత్తనం ఇక్కడిదాకా పంపించేసిందేటి?" అన్నాడట. నలుగురూ ఘొల్లుమన్నారట. అప్పుడు ఆయనకి పౌరుషం వచ్చింది. ఎవరు చెప్పారని పిల్లని అడిగారు. పలకలేదు. కొట్టారు. పుట్టి బుద్ధెరిగాక అదే మొదటి దెబ్బ దానికి. మళ్లీ అడిగారు. "ఎవురు సెప్పేరే?"

"దేవుడు సెప్పేడు" అంది.

నా పేరు ఎత్తవద్దన్నాను. ఇంకెవరి పేరు చెబుతుంది? తండ్రి ఎదురు మాట్లాడలేని పేరు దానికి అదొక్కటే తెలుసు. ఆ పేరు నేర్పినదాన్నీ నేనే.

ఆయన అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చారట. పొద్దు ఉండగానే ఇంటికి వచ్చేశారు. పిల్ల చెంప మీద వేళ్లు అచ్చు పడి ఉన్నాయి. దాన్ని నా చేతికిచ్చి, "నా బిడ్డ నోట దేవుడు మాటాడేడే" అని గుమ్మంలోనే మోకరించారు. చిట్టి నా ముఖంలోకి చూస్తోంది. నేను కొబ్బరినూనె తెచ్చి చెంపకి రాశాను. ఇంకేమీ చెప్పలేదు. అప్పుడే చెప్పి ఉంటే? ఆయన నాలుగు తిట్టేవారు. రెండు రోజులు అన్నం మానేసేవారు. అంతకన్నా ఏమవుతుంది? అంతే అవుతుందని ఇప్పుడు తెలుస్తోంది.

ఆయన తాగుడు మానేశారు. నిజంగానే మానేశారు. మూడో వారమో, నాలుగో వారమో చర్చిలో అందరి ముందూ నిలబడి, దేవుడు తనని మార్చాడని సాక్ష్యం చెప్పారు. పాస్టరుగారు చిట్టిని కుర్చీ ఎక్కించి, తల మీద చెయ్యి పెట్టి, "దేవుడు నీతో మాట్లాడాడా తల్లీ?" అని అడిగారు. మైకు ముందు పెట్టారు. పిల్ల ఆడవాళ్ల వైపు చూసింది. వరసలన్నీ కళ్లతో వెతికి నన్ను పట్టుకుంది.

నేను తల ఊపాను.

పిల్ల అవునంది. అందరూ చప్పట్లు కొట్టారు. మా నాన్న కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను. సీసా పారబోయించడం తప్పని నేను ఎప్పుడూ అనుకోలేదు. కుర్చీ మీద నిలబడి నిజం చెప్పడానికి నా అనుమతి అడిగిన పిల్లకి నేను ఇచ్చిన జవాబు అది. దాని గురించే ఇదంతా రాస్తున్నాను.

తరవాత మా ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ చూడలేదు. ఆయన పిల్లని భుజాల మీద ఎక్కించుకోవడం మానేశారు. అంతకుముందు "ఒసే పిట్టా" అని పిలిచేవారు, అది పోయి "అమ్మా, భోంచేశావా" అనేది వచ్చింది. పాస్టరుగారితో ఎలా మాట్లాడతారో ఏడేళ్ల కూతురితో అలా మాట్లాడేవారు. దాన్ని కొట్టిన చేత్తో మళ్లీ ముట్టుకోవడానికి భయం. తాగుబోతు మొగుళ్లని వెంటబెట్టుకుని ఆడవాళ్లు వచ్చేవారు, పాపచేత ప్రార్థన చేయించమని. చిట్టి కళ్లు మూసుకుని ఏదో గొణిగేది. వాళ్లు వెళ్లాక వెళ్లి మంచం కింద దూరేది. తండ్రి కనిపిస్తే పక్కకి తప్పుకునేది. ఎవరికి అబద్ధం చెప్పారో ఆ మనిషికే ఎదురుపడడం పిల్లలకి ఎంత కష్టమో ఆయనకేం తెలుసు? తను కొట్టినందుకు పిల్ల మనసు విరిగిపోయిందనుకున్నారు. ఈరోజుకీ అదే అనుకుంటున్నారు.

స్నేహితులు రావడం మానేశారు. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం ఇంట్లోనే ఉండేవాళ్లం. నేను కోరుకున్నది అదే. ముగ్గురం మూడు గదుల్లో కూర్చునేవాళ్లం. ఫ్యాను చప్పుడు వినిపించేది.

ఎందుకు చెప్పలేదని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెబితే ఆయన మళ్లీ తాగుతారని మొదట్లో అనుకున్నాను. తరవాత పిల్ల పరువు అనుకున్నాను. తరవాత మా నాన్న బాధపడతారని. మా నాన్న పోయారు. అప్పుడైనా చెప్పానా? ఆ కారణాలన్నీ కొంచెం కొంచెం నిజమే, కానీ వాటన్నిటి కింద ఉన్నది వేరు: ఆ ఇల్లాలు ఎంత ఓర్పు గలదో, ఎంత ప్రార్థనాపరురాలో అని పదిమంది అనుకుంటుంటే నాకు బాగుండేది. ముందు వరసలో చోటిచ్చారు. కూర్చున్నాను.

చిట్టికి పెళ్లయింది. పాయకరావుపేటలో ఉంటుంది, చిన్న కొడుకున్నాడు. అది పుట్టింటికి వచ్చి గదిలో అడుగుపెడితే మా ఆయన కుర్చీలోంచి లేచి నిలబడతారు. కూతురు వస్తే లేచి నిలబడే తండ్రిని మీరెక్కడైనా చూశారా? అది మనవడిని ఆయన చేతికి ఇచ్చి వంటింట్లోకి వచ్చేస్తుంది. ఇద్దరిలో ఎవరు ఎవరిని చూసి ఎక్కువ భయపడతారో నాకే అర్థం కాదు.

మొన్న ఫోన్ చేసింది. మా అల్లుడు స్నేహితులతో కలిసి తాగుతున్నాడట, పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకుని. "రోజూ ప్రార్థన సేత్తన్నానమ్మా. ఏటీ వినిపించడం లేదు. సిన్నప్పుడు నాతో మాటాడేడు కదా. ఇప్పుడెందుకు మాటాడడు? నేనేటి తప్పు సేసేను?" అంది.

ఆ జడ వేసిన పూట మరిచిపోయిందా? ఊరంతా ఒకే మాట అంటుంటే, చివరికి తనకీ అదే గుర్తుండిపోయిందా? లేక అంతా గుర్తుండే, నాచేత చెప్పించాలని అడిగిందా? ఫోన్‌లో దాని ఊపిరి వినిపిస్తోంది. నేను చెప్పవలసిన మాట నాలుక మీదికి వచ్చింది. "ప్రార్థన సెయ్యమ్మా" అన్నాను. సరేనని పెట్టేసింది.

నా బిడ్డ ఏ తప్పూ చెయ్యలేదు. దానితో ఆ రోజు ఎవరూ మాట్లాడలేదు, నేను తప్ప. లేని గొంతు కోసం అది చెవులు రిక్కించుకుని కూర్చుంది, తనని దేవుడు వదిలేశాడని ఏడుస్తోంది. వదిలేసింది నేను.

ఇందాక మా ఆయన గుమ్మం దగ్గర నిలబడి, "ఏటి రాత్తన్నావు?" అని అడిగారు. ఆదివారం పాఠం అన్నాను. సరేనని వెళ్లిపోయారు. చూశారా, అబద్ధమాడడం నేనింకా మానలేదు.

అయినా రాశాను. గుండె కొంచెం తేలికైంది, అందుకు సిగ్గుగా కూడా ఉంది. ఈ మాట వినవలసినవాళ్లు ఇద్దరున్నారు. ఒకరు పక్కగదిలో ఉన్నారు, ఒకరు బస్సెక్కితే చేరేంత దూరంలో ఉన్నారు. నేను మీకు చెప్పాను.