సున్నం అన్న తాడు

మా కాలేజీ మైదానంలో నాలుగు వందల మీటర్లంటే నాలుగు వందల నలభై మీటర్లు. పదేళ్ళపాటు పిల్లలు రోజూ ఆ నలభై ఊరికే పరిగెత్తారు, ఒక్కడికీ తెలియదు.

సరే, నలభై కాదు. చిన్నప్పుడు కాన్వెంటులో సిస్టరు అబద్ధానికో రూళ్ళకర్ర దెబ్బ చొప్పున వడ్డించేది. ఆ భయం ఇంకా అరచేతుల్లో ఉంది గనక తగ్గిస్తున్నాను. నాలుగు మీటర్లు. అంతకన్నా తగ్గను. నా మాటల్లో సగం కోసేసి నమ్మడం మా మనవలకు అలవాటు. ఇందులో మాత్రం కోయక్కర్లేదు, ఎందుకంటే ఆ రోజు టేపు రెండో చివర పట్టుకున్నవాణ్ణి నేనే.

మొదటి చివర పట్టుకున్నవాడు సున్నం అన్న. మా ఆటల విభాగంలో మార్కరు. మైదానానికి సున్నంతో గీతలు గీయడం, బంతులకు గాలి కొట్టడం, చిరిగిన వలలు కుట్టడం అతని పని. మోకాళ్ళ దాకా ఎప్పుడూ తెల్లగా ఉండేవాడు కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. ప్రతివాడి బూటు సైజూ అతనికి కంఠతా వచ్చు. పరుగులో అందరికన్నా వెనకబడ్డవాడి పక్కనే తనూ పరిగెత్తేవాడు. "ఇవి కాళ్ళేనా, కుర్చీకి ఊడదీసి తెచ్చావా?" అని తిడుతూ చివరి గీత దాకా వదిలేవాడు కాదు. తిట్టించుకున్నవాడు మర్నాడు అందరికన్నా ముందొచ్చి నిలబడేవాడు.

నేను అక్కడ ఇంగ్లీషు పాఠాలు చెప్పేవాణ్ణి, పొద్దున్నే మైదానం చుట్టూ నడిచేవాణ్ణి. "ఊరికే తిరిగే బదులు ఆ మేకు పట్టుకుని నిలబడండి సార్" అని మొదటి వారమే నన్ను పనిలో పెట్టాడు. మైదానానికి అటొక మేకు, ఇటొక మేకు. మేకుకు తాడు కట్టి, తాడులో ముడి ఉన్నచోట సున్నం డబ్బా పట్టుకుని చుట్టూ నడిస్తే వంపు గీత పడుతుంది. ముడి ఎక్కడుంటే గీత అక్కడ.

అతను చేరిన మూడో ఏడు, వేరే కాలేజీ కోచ్ ఒకాయన నవ్వుతూ అడిగాడు. "మీ పిల్లలు మీ దగ్గర తాబేళ్ళు, మా దగ్గర కుందేళ్ళు. ఏం పెడుతున్నారయ్యా?" అందరూ నవ్వారు, సున్నం అన్న తప్ప. మర్నాడు పొద్దున్నే నన్ను పిలిచి ట్రాకు కొలిచాడు. నాలుగు వందల నాలుగు. చేరిన కొత్తలో పాత తాడు చివికిపోతే కొత్తది కట్టుకున్నాడట. అందులో ముడి మూడు జానలు అవతల పడింది, చుట్టూ తిరిగేసరికి అది నాలుగు మీటర్లయింది.

మనిషి మొహం అతని ప్యాంటు కన్నా తెల్లబడింది.

"దిద్దేద్దామా?" అన్నాను.

టేపు చుట్టేశాడు. "బయటికెళ్ళి గెలుస్తున్నారు కదా సార్. గెలవనివ్వండి. మీరేం చూళ్ళేదు."

"ఏం చూళ్ళేదు" అన్నాను. ఏడేళ్ళు ఏమీ చూడలేదు.

ముప్పై నాలుగో ఏట అతనికి రక్తంలో జబ్బని తేలింది. అతని భార్య బట్టలు కుట్టేది. అన్న భార్య గనక కాలేజీ మొత్తానికి వదిన. గుండీ వెంట్రుకవాసి పక్కకు పోయినా విప్పి మళ్ళీ కుట్టే మనిషి. ఆసుపత్రిలో దిండు మీద రెండు గుండుసూదులు గుచ్చి, దారం కట్టి, ఆమె చేత వంపులు తిప్పించేవాడు.

"నాకెందుకీ చదువు? లేచొచ్చి నువ్వే గీసుకో" అనేది.

"వస్తాలే. ఈలోగా పిల్లలు ఆగరుగా!"

ఒకరోజు నా ముందే ముడి సంగతి చెప్పేశాడు.

"పదేళ్ళా?" అంది వదిన.

"మూడేళ్ళు తెలీక, ఏడేళ్ళు తెలిసి."

ఆ రోజంతా ఆమె అతనితో మాట్లాడలేదు. తర్వాత అతనికి మిగిలినవి పదకొండు రోజులు. ఆ మాట్లాడని రోజు సంగతి వదిన ఎవరి దగ్గరా ఎత్తదు.

అతని ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. నాలుగు నెలలకు అతని పేరు మీద పోటీలు పెడదామన్నారు. ఆటల డైరెక్టరు గారు ఇంకో మాట కూడా చెప్పారు. అందులో నాలుగు వందల మీటర్లు అరవై సెకన్ల లోపు పరిగెత్తిన అమ్మాయిని రాష్ట్ర స్థాయి పోటీలకు పంపుతారట. ఆ మాటతో కొంగ సామాన్ల గదికొచ్చి బంతుల బుట్ట మీద కూలబడింది. మా కాలేజీ తరఫున పరిగెత్తే పొడుగు కాళ్ళ పిల్ల. ఆ పేరు సున్నం అన్న పెట్టిందే.

"ఎంత చచ్చినా అరవై పాయింటు నాలుగు వదినా. ఈ ఏడాదితో నా చదువైపోతుంది. ఇంకో అవకాశం లేదు."

వదినకు లెక్క తెలుసు. నాలుగు మీటర్లు తీసేస్తే కొంగ అరవైలోకి వస్తుంది. కానీ గీత దిద్దితే, అతని పేరు మీద జరిగే పోటీల్లోనే అతని తప్పు బయటపడుతుంది. తలుపు మూసి, కొంగకు ఉన్నదున్నట్టు చెప్పింది.

కొంగ గభాల్న లేచింది. "అన్న గీతే ఉంచు. ఆ నాలుగూ కూడా పరిగెత్తేస్తా."

"నోర్ముయ్. నీ పౌరుషం గడియారానికేం తెలుసు? ఆయన పరువు నేను చూసుకుంటా. నువ్వు టైము తీసుకురా చాలు."

మర్నాడు పొద్దున్నే నాకు కబురొచ్చింది. వెళ్ళి మేకు దగ్గర నిలబడ్డాను. వదిన ముడిని పళ్ళతో లాగి విప్పింది, తాడు మీద చెయ్యి చాపి మూడు జానలు కొలిచింది, వెనక్కి జరిపి కట్టింది. ఒక్క క్షణం ఆ పాత ముడి ఉన్నచోట బొటనవేలితో రాసింది. తర్వాత డబ్బా ఎత్తుకుని, తల పక్కకు తిప్పకుండా నడిచింది.

ఏళ్ళ తరబడి సున్నం తిని పాత గీత వెంట గడ్డి చచ్చిపోయింది. దానికి రెండడుగుల లోపల, పచ్చగడ్డి మీద, కొత్త గీత మెరుస్తోంది. గుడ్డివాడికైనా కనపడుతుంది. డైరెక్టరు గారు రానే వచ్చారు.

"ఏంటమ్మా, గీత లోపలికొచ్చింది?"

"పాత చోట గడ్డంతా మాడిపోయింది సార్. కొన్నాళ్ళు దాన్ని ఊపిరి పీల్చుకోనివ్వాలని ఆయన ఎప్పట్నుంచో అనేవారు."

"మరి కొలత?"

"కొలుచుకోండి."

స్టీలు టేపు తెప్పించి కొలిచారు. సరిగ్గా నాలుగు వందలు. "అచ్చం మీ ఆయన చెయ్యే" అని కళ్ళు తుడుచుకున్నారు. నేను దగ్గొచ్చినట్టు అటు తిరిగాను. ఆయనకు లెక్కలు బొత్తిగా రావో, మరీ బాగా వచ్చో, నాకు ఇప్పటికీ తెలియదు.

పోటీ రోజున కొంగ యాభై తొమ్మిది పాయింటు ఏడులో రిబ్బను తెంపింది. మైదానం హోరెత్తిపోయింది. అయితే నేను చూసింది ఇంకొకటి. పరుగెత్తేవాళ్ళు గీత దగ్గర ఛాతీ ముందుకు వంచుతారు. కొంగ రిబ్బను దగ్గర వంచలేదు. రిబ్బను మెడకు వేలాడుతుండగా అదే వేగంతో ఇంకో రెండు అంగలు వేసి, నాలుగు మీటర్ల అవతల, ఏ గీతా లేనిచోట ఛాతీ వంచింది. గట్టు మీద నిలబడ్డ వదిన అప్పటిదాకా బిగబట్టిన ఊపిరి అప్పుడు వదిలింది.

ఇదంతా కాలేజీ సంచిక కోసం రాసి, నిన్న సామాన్ల గదికి పట్టుకెళ్ళాను. వదిన బంతికి గాలి కొట్టడం ఆపి, నిలబడే చివరిదాకా చదివింది. కాగితాలు మడిచి నా జేబులో పెట్టింది.

"అంతా కట్టుకథ సార్. మా ఆయన గీత ఏనాడూ తప్పలేదు."

"మరి ఆ మూడు జానలు?"

"మీ జాన పొట్టిదేమో."

"పదేళ్ళు మేకు పట్టుకున్నానమ్మా!"

"పట్టుకున్నారు. చూపు మాత్రం ఎప్పుడూ కాకుల మీదే."

ఆమె వెనక, ఈ గోడ నుంచి ఆ గోడకు కట్టిన సున్నం అన్న తాడు మీద, ఆటగాళ్ళ బనీన్లు ఆరుతున్నాయి. అంచున రెండు ముడుల గుర్తులు, మధ్య మూడు జానల దూరం. నేను అటు వేలు చూపించాను.

వదిన ఇంకో తడి బనీను తీసి సరిగ్గా ఆ గుర్తుల మీద ఆరేసింది. "ఏ తాడు సార్?" అంది.