రాతిమెట్ల మీది నీడ

బర్ దుబాయ్‌లో మా ప్రింటింగ్ షాపుకు ఏ ఫోటో వచ్చినా ముందు శుభ్రం చేయాలి. పెళ్లికూతురి మొటిమ, చొక్కా మీది టీ మరక, అన్నీ పోవాలి. అది మా ముదీర్, అంటే మేనేజర్, పెట్టిన పద్ధతి. అణుబాంబు పడ్డ హిరోషిమాకూ అదే పద్ధతి అని 2022లో తెలిసింది.

ఒక స్కూలువాళ్లు ప్రదర్శన కోసం ఆ ఊరి పాత ఫోటోలు, బతికి బయటపడ్డవాళ్ల జ్ఞాపకాలు పంపారు. ఏ జ్ఞాపకం ఏ చోటిదో పోల్చుకుని ఆ ఫోటో కింద అమర్చడం నా పని. కళ్లు లాగేసేంత పని. ఒక మెప్పు మాట లేదు. మధ్యలో ముదీర్ అందరికీ చాయ్ తెప్పించి నన్ను మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు.

ఒక బోర్డు మీద రాతిమెట్ల ఫోటో. కింద ఒక ముసలామె జ్ఞాపకం. బాంబు పడ్డ ఉదయం ఆ మెట్ల మీద కూర్చున్న తన తల్లి మిగల్లేదట. కూర్చున్న చోట రాయి మీద నల్లటి నీడ మిగిలిందట. చిన్నప్పుడు తాను వెళ్లి దాని మీద చెయ్యి ఆనించేదట.

ప్రింటు చూస్తే మెట్లు సబ్బుతో కడిగినట్టున్నాయి. నీడ లేదు. ఆమె మాటలు మాత్రం అబద్ధాల్లా మిగిలాయి.

ఫోటోలు శుభ్రం చేసే నెల్లూరు భాయ్‌ని నిలదీశాను.

"మరకే గదన్నా, తీసేసినా. ఉంచితే ముదీర్ తిట్టేది నన్ను, నిన్ను కాదు."

"అది మరక గాదు భాయ్, ఆమె తల్లి."

కింద వ్యాన్ ఆగి ఉంది. ముదీర్ వచ్చి, అంత దగ్గరికెళ్లి ఎవరూ చూడరు, ఖలాస్, ఎక్కించెయ్ అన్నాడు.

"ఎవరు జూడకున్నా సరే. ఆమెకు మిగిలింది గదొక్కటే. నేనైతే ఎక్కియ్య" అని బోర్డుకు అడ్డంగా నిలబడ్డాను.

చివరికి మళ్లీ ప్రింటు తీయమని విసుక్కుంటూ వెళ్లాడు. నా మొండితనం గురించి వ్యాన్ డ్రైవర్‌తో చెప్పుకోవడం పై దాకా వినిపించింది.

భాయ్ అసలు ఫోటో తెరిచి పెద్దది చేశాడు. ఇంగ్లీషులో ఉన్న ఆమె మాటలు నేనే చదివి చెప్పాను. చాలాసేపు చూశాడు.

"చెయ్యి యాడ పెట్టుంటాదన్నా?"

నాకేం తెలుసు? అయినా నీడ అంచు చూపించాను. ఆ పక్కన ఫోటో మీద పడ్డ గీతను కూడా ఈసారి అతను చెరపలేదు.

ఆమె తల్లిని మరక అన్నందుకు అతని మీద కోపం ఇప్పటికీ పోలేదు. కొత్త ప్రింటు అతికించిన బోర్డు మాత్రం ఇద్దరం కలిసే గుడ్డలో చుట్టి కిందికి మోశాం.