సానెట్టి మీద పులిహోర

హైదరాబాద్ నుంచి విద్యార్థులు వరదలా దిగుతున్న ఆ ఏళ్లలో, కెనడాలో టొరంటోకి పడమటి కొస ఎటోబికోలో మా బేస్‌మెంట్ ఎప్పుడూ ఖాళీగా లేదు. అద్దెకిచ్చింది నేను, అన్నం పెట్టింది మా ఆవిడ. జంతుశాస్త్రం చదవడానికి హామిల్టన్ వెళ్లొచ్చే ఒకమ్మాయి మా ఫ్రిజ్ మీద ఫొటో అంటించింది. ఎర్రటి ఒళ్లు, సన్నటి మూతి. చూడ్డానికి నక్కలా ఉన్నా అది తోడేలట, ఇథియోపియా కొండల మీద తప్ప ఇంకెక్కడా లేదట. మా ఆవిడ రోజూ పాలు తీస్తూ దాన్నే చూసేది. ముప్పై ఏళ్లలో నోరు తెరిచి ఏదీ అడగని మనిషి, దీన్ని ఒక్కసారి చూడాలంది.

ఆ చలికాలం హైదరాబాద్ వెళ్తూ దారిలో ఇథియోపియాలో ఆగాం. రానుపోను ప్రయాణం పోగా, బాలే పర్వతాల జాతీయ ఉద్యానవనంలో మాకు మిగిలింది ఒక్క శుక్రవారం.

సానెట్టి పీఠభూమి నాలుగు వేల మీటర్ల ఎత్తు. ఎండ చుర్రుమంటుంది, గాలి ఎముకలు కొరుకుతుంది. మనిషిని మించి పెరిగిన లొబీలియా మొక్కలు, మధ్యలో చిన్న చిన్న నీటిమడుగులు. పందికొక్కుల్లాంటి ఎలుకలు బొరియల్లోంచి తల బయటపెట్టి చూసి మాయమవుతున్నాయి. నాలుగడుగులకే ఆయాసం, అయినా ఆ మైదానంలో పరుగెత్తాలనిపించింది నాకు.

ఒంటిగంటయినా తోడేలు జాడ లేదు. ఇంకా పైకి పోదామని నేను తొందరపెడుతుంటే మా ఆవిడ కారు ఆపించి పులిహోర డబ్బా తీసింది. టొరంటో నుంచి మోసుకొచ్చిన చింతపండు గుజ్జుతో పొద్దున్నే లాడ్జి వంటింట్లో కలిపింది. నేను బైనాక్యులర్స్‌లో కళ్లు పెట్టుకున్నంత సేపూ నెరిసిన గడ్డం డ్రైవర్‌తో ఆవిడ కబుర్లాడి అన్నీ తెలుసుకుంది. ఆయన ఆర్థడాక్స్ క్రైస్తవుడు, శుక్రవారం వాళ్లకు ఉపవాసం. మధ్యాహ్నం పన్నెండు దాటేదాకా ఏమీ ముట్టరు, ఆ తర్వాతా మాంసం, పాలు, నెయ్యి తగలకూడదు.

"ఆయన పొద్దుట్నుంచి పస్తున్నారండీ. ఆయన తినకుండా మనమెలా తింటాం? నెయ్యి చుక్క కూడా వెయ్యలేదు," అంది.

నాకు ఒళ్లు మండింది. నువ్వు వడ్డించేదాకా తోడేలు కూర్చుని ఉంటుందా అని కసిరాను. ఆవిడ డ్రైవర్‌కి కొసరి కొసరి వడ్డించింది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

మూడోసారి వడ్డిస్తుండగా డ్రైవర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ముప్పై అడుగుల దూరంలో, గడ్డిలో, ఫొటోలో ఉన్న ఎర్రటి ఒళ్లు. పొట్ట నేలకానించి ఒక్కో అడుగూ వేసి, ఒక్కసారిగా ఎగిరి ఎలుకను నోట కరుచుకుంది. మావైపు ఒకసారి చూసి, తన దారిన వెళ్లిపోయింది. మా ఆవిడ గరిటె పట్టుకునే ఏడ్చేసింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు, సిగ్గూ దానికి తక్కువేం కాదు. నా మాట చెల్లి ఉంటే ఆ పాటికి మేం అక్కడ ఉండేవాళ్లమే కాదు.

తిరిగొచ్చాక ఆ అమ్మాయి మా వంటింట్లో నేను ఫోన్‌లో తీసిన వీడియో చూసి నోరెళ్లబెట్టింది. "నెలల తరబడి వెయిట్ చేసినా ఇంత క్లోజ్‌గా కనబడదంటారు. నక్క తోక తొక్కి వెళ్లారా ఆంటీ?"

"మీ అంకులే అక్కడ కారు ఆపించారమ్మా," అంది మా ఆవిడ, నా కంచంలో కూర వేస్తూ.

కాదు, ఆపించింది ఆవిడే, నేను కసిరాను అని చెప్పాను. ఆ ఒక్క ముక్క చెప్పడానికి నాకు సానెట్టి ఎక్కినంత ఆయాసం వచ్చింది.