మేషరాశి ఫలం

1976 ఉగాదికి నెల ముందు జంషెడ్‌పూర్‌లో నాకొక అదనపు బాధ్యత అప్పగించారు. పగలు ఒక కంపెనీలో గుమాస్తాను. మిగిలిన వేళల్లో తెలుగు నాటక బృందాలకు రాజకీయ ప్రహసనాలు రాసేవాణ్ని. అవి అత్యవసర పరిస్థితి రోజులు. రంగస్థలం మీద పలికే ప్రతి మాటనూ ముందుగా ప్రభుత్వ అధికారి చూసి ముద్ర వేయాలి. ఆయనకు తెలుగు రాదు. తెలుగు ప్రతి చదివి, హిందీలో సారాంశం రాసి, 'సరిపోల్చడమైనది' అని సంతకం చేసే పని నాకిచ్చారు. ప్రహసనాలు రాసేది నేనేనని ఆయనకు తెలియదు. దొంగ చేతికి తాళాలిచ్చినట్టయింది.

ఆ ఏడు నేను రాసింది వెటకారపు పంచాంగ శ్రవణం. పంతులుగారి ధోరణిలోనే రాశిఫలాలు చెబుతూ ఏలినవారికి చురకలు వేయాలి. 'మేషరాశి వారు మే అనదలచినచో ముందుగా అర్జీ పెట్టుకొనవలెను. రాజపూజ్యమంతయు ఒకే ఇంటికి, అవమానము తక్కిన దేశమునకు' అని రాశాను. హిందీలో మాత్రం మేషరాశి వారికి సర్వత్రా జయమని రాసి సంతకం పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పంతులు వేషం అప్పలస్వామిది. ఊరి శివార్లలోని గోవింద్‌పూర్‌లో ఉంటూ కాంట్రాక్టరు కింద వెల్డింగ్ చేసేవాడు. అక్షరం ముక్క రాదు. నేను రెండుసార్లు చదివి వినిపిస్తే పొల్లు పోకుండా అప్పజెప్పేవాడు. ఊళ్లోనే కద్మా పేటలో ప్రదర్శన నాడు జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. నవ్వినవాళ్లలోనే ఒకడు మర్నాడు వెళ్లి ఫిర్యాదు చేశాడు.

అధికారి మా ఇద్దరినీ పిలిపించాడు. నా హిందీ సారాంశం ముందు పెట్టుకుని, తెలుగు ప్రతి నా చేతికిచ్చి, ఆ మాటలు ఇందులో ఉన్నాయా అని అడిగాడు. అప్పలస్వామికి ఏ బెంగా లేదు.

"గురూగారూ, ఓపాలి పైకి సదవండి. మీరు సెప్పిందే సెప్పినాను. అందులోనే ఉన్నాది గదా" అన్నాడు, అధికారికి అర్థంకాని తెలుగులో.

ఆ మాటలు మూడో వరుసలో ఉన్నాయి. ఉన్నాయంటే నా సంతకం అబద్ధమవుతుంది, నా ఉద్యోగం పోతుంది. లేవన్నాను. అతను సొంతంగా కల్పించాడా అని అధికారి అడిగితే, అయి ఉండవచ్చన్నాను.

అతను కోప్పడతాడనుకున్నాను. కాగితం వంక చూసి, నా వంక చూసి, నెమ్మదిగా అన్నాడు: "మరి నాకెలాగొచ్చినాది బాబూ ఆ ముక్క?" చదువుకున్నవాడు చూసి లేదన్నాక, అతను తన జ్ఞాపకాన్నే శంకించాడు.

అప్పలస్వామి నెలల తరబడి జైల్లో ఉన్నాడు. కాంట్రాక్టరు గేటు పాసు రద్దు చేయించాడు. విడుదలయ్యాక శ్రీకాకుళం వైపు సొంతూరికి వెళ్లిపోతూ మా ఇంటికి వచ్చాడు.

"నా నోటి తొందర వల్ల మీకూ మాటొచ్చినాది. ఏటీ అనుకోకండి గురూగారూ" అన్నాడు.

అప్పుడైనా నిజం చెప్పవచ్చు. టీ తాగి వెళ్లమన్నాను.

ఆ రోజులు గడిచాక అదే పంచాంగానికి నాకు శాలువా కప్పారు. నా ధైర్యాన్ని వక్తలు పొగిడారు. నేను కాదనలేదు.

భయం వేసిన ఏలిక తన తప్పును కిందివాడి నెత్తిన రుద్దుతాడని నేను ముప్పై ఏళ్లు రకరకాలుగా రాసి జనాన్ని నవ్వించాను. ఆ సంగతి నాకు ఎవరినో చూస్తే తెలిసింది కాదు.